ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో మౌంట్ విఫలమైతే మెమరీ ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: మౌంట్ కమాండ్ (డిస్క్‌లోని ఫైల్‌సిస్టమ్‌ను వాడుకలోకి తెచ్చేది) ఎర్రర్‌తో ముగిసినా, ప్రాసెస్‌తోపాటే మెమరీ కూడా వెనక్కి వచ్చేస్తుంది.

వాస్తవం: ప్రాసెస్ ముగిసినప్పుడు వెనక్కి వచ్చేది దాని యూజర్ మెమరీ మాత్రమే. లినక్స్ కెర్నెల్ కెమాలక్‌తో (కెర్నెల్‌లో మెమరీ కేటాయించే ఫంక్షన్) తీసుకున్నదాన్ని ఏ కోడూ విడుదల చేయకపోతే, రీబూట్ అయ్యేదాకా అది అలాగే ఉండిపోతుంది.

అపోహ: పుట్_సూపర్‌లో (అన్‌మౌంట్ వేళ శుభ్రం చేసే ఫంక్షన్) అన్నీ విడుదల చేశాం కనుక, ఫిల్_సూపర్ (మౌంట్ వేళ అన్నీ సిద్ధం చేసే ఫంక్షన్) మధ్యలో ఆగినా ఇబ్బంది లేదు.

వాస్తవం: నేను రివ్యూ చేసే ప్యాచ్‌లలో తరచుగా కనిపించే పొరపాటు ఇదే. ఫిల్_సూపర్ విఫలమైనప్పుడు కెర్నెల్ కిల్_ఎస్‌బీని (ఫైల్‌సిస్టమ్‌ను మూసివేసే ఫంక్షన్) తప్పక పిలుస్తుంది కానీ, పుట్_సూపర్‌ను మాత్రం ఎస్_రూట్ (రూట్ డైరెక్టరీకి పాయింటర్) ఏర్పడి ఉంటేనే పిలుస్తుంది. అంటే సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే బ్లాక్) చదివి, ఎస్_ఎఫ్ఎస్_ఇన్ఫోకు (ఫైల్‌సిస్టమ్ సొంత సమాచారం) మెమరీ కేటాయించి, రూట్ ఇనోడ్ (రూట్ డైరెక్టరీ వివరాలుండే రికార్డు) పాడైందని తెలిసి వెనుదిరిగితే, ఆ మెమరీని విడుదల చేయవలసింది ఫిల్_సూపర్ చివర ఎర్రర్ వచ్చినప్పుడు దూకి చేరే గోటూ లేబుళ్లు, లేదా కిల్_ఎస్‌బీ. రెండు చోట్లా విడుదల చేస్తే డబుల్ ఫ్రీ (ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేయడం) అవుతుంది. రెండింటిలో కిల్_ఎస్‌బీయే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మౌంట్ విఫలమైనా, అన్‌మౌంట్ జరిగినా దారి అదే. అయితే అక్కడ కూడా కిల్_బ్లాక్_సూపర్ (డిస్క్ ఫైల్‌సిస్టమ్‌ను మూసే కెర్నెల్ ఫంక్షన్) పూర్తయ్యాకే కెఫ్రీ (కెమాలక్ మెమరీ విడుదల) చేయాలి; ముందే చేస్తే, ఇనోడ్‌లను తొలగించే కోడ్ విడుదలైపోయిన మెమరీని తాకే ప్రమాదం ఉంది.

అపోహ: డి_మేక్_రూట్ (రూట్ ఇనోడ్ నుంచి ఎస్_రూట్‌ను తయారుచేసే ఫంక్షన్) విఫలమైతే రూట్ ఇనోడ్‌కు మనమే ఐపుట్ (రిఫరెన్స్‌ను వదిలేయడం) చేయాలి.

వాస్తవం: ఆ పని అదే చేసేస్తుంది. మనం మళ్లీ చేస్తే రిఫరెన్స్ లెక్క తప్పుతుంది. లీక్ కంటే ఇది ప్రమాదకరం.

అపోహ: కెఫ్రీకి ముందు నల్ కాదని సరిచూడాలి.

వాస్తవం: అక్కరలేదు, నల్ ఇస్తే కెఫ్రీ ఏమీ చేయదు. కానీ ఎర్_పీటీఆర్ (ఎర్రర్ కోడ్‌ను పాయింటర్ రూపంలో ఇచ్చేది) నల్ కాదు, దాన్ని కెఫ్రీకి ఇవ్వకూడదు.

అపోహ: చిన్న కేటాయింపులు దాదాపు ఎప్పుడూ విఫలం కావు కనుక ఈ ఎర్రర్ దారులను పరీక్షించనక్కరలేదు.

వాస్తవం: అలా కావని హామీ ఏదీ లేదు. పైగా ఈ దారులలోకి కోడ్ వెళ్లేది మెమరీ కొరతతో మాత్రమే కాదు. సిజ్‌బాట్ వంటి ఫజింగ్ వ్యవస్థలు (తప్పుడు ఇన్‌పుట్‌లతో ఆటోమేటిక్‌గా బగ్‌లు వెతికేవి) కావాలని పాడుచేసిన డిస్క్ ఇమేజ్‌లను మౌంట్ చేస్తూ వాటిని నిత్యం తడుముతూనే ఉంటాయి. ఫెయిల్-ఎన్త్‌తో (ఎన్నో కేటాయింపు విఫలం కావాలో చెప్పే కెర్నెల్ సౌకర్యం) మొదటి కేటాయింపును, తర్వాత రెండోదాన్ని, ఇలా మౌంట్ నెగ్గేదాకా ఒక్కొక్కటిగా విఫలం చేయించి, ప్రతిసారీ కెమెమ్‌లీక్‌తో (కెర్నెల్ మెమరీ లీక్‌లను పట్టుకునే సాధనం) స్కాన్ చేయించండి. కేసన్‌ను (మెమరీ తప్పులను పట్టుకునే కెర్నెల్ సాధనం) కూడా ఆన్ చేసి ఉంచితే డబుల్ ఫ్రీలు అదే పరీక్షలో బయటపడతాయి.