పచ్చిక మీద లేవని బంతి

గుడ్డపేలికలు చుట్టి, పురికొస బిగించిన బంతితో ఏడుపెంకులాట ఆడినవారికి దాని గుణం తెలుసు. వీపుకు తగిలితే చుర్రుమంటుంది, నేల మీద పడితే మాత్రం అక్కడే చతికిలపడుతుంది. యూరప్‌లో టెన్నిస్ ఆడినవారు ఇంచుమించు ఏడు వందల ఏళ్లు ఇలాంటి బంతితోనే నెట్టుకొచ్చారు. బంతిని మార్చలేక నేలను ఎంచుకున్నారు. రాతి పలకల మీద, గట్టి గచ్చు మీద, చుట్టూ గోడల మధ్య ఆడారు.

12వ శతాబ్దం నాటికి ఫ్రాన్సులోని క్రైస్తవ మఠాల నడవాల్లో ఈ ఆట ఉండేది. ఒట్టి చేత్తో కొట్టేవారు కాబట్టి ‘అరచేతి ఆట’ అని పేరు. తర్వాత చేతికి తొడుగు వచ్చింది, 16వ శతాబ్దంలో రాకెట్ వచ్చింది. బంతి వేసేవాడు ‘తెనే’, అంటే ‘ఇదిగో, అందుకో’ అని కేక వేసేవాడట. ఇంగ్లిషువారి నోట అదే టెన్నిస్ అయిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. రాజులకు ఈ ఆట పిచ్చి ఎంతగా ఉండేదంటే, 1480లో ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ బంతుల కల్తీ మీద ఏకంగా శాసనమే చేశాడు. లోపల ఇసుక, సుద్ద, రంపపు పొట్టు కూరకూడదు, మంచి తోలులో ఉన్ని దట్టించాలి అన్నాడు. కల్తీ వ్యాపారం మన కాలానిదే అనుకునేవారికి ఈ శాసనం చూపించాలి.

అయితే ఎంత మంచి ఉన్ని కూరినా ఆ బంతి గడ్డి మీద పనికిరాదు. నేలను తాకిన క్షణంలో బంతి నొక్కుకుపోతుంది. అప్పుడు తనలో దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చినంత మేరకే పైకి లేస్తుంది. ఉన్ని బంతిలో పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ శక్తిలో చాలా భాగం వేడిగా పోతుంది. రాతి నేల తనవంతుగా పెద్దగా ఏమీ తినదు కాబట్టి అక్కడ ఆట సాగింది. మెత్తటి పచ్చిక మిగిలిన కాస్తనూ మింగేస్తుంది.

ఈ ముడి విప్పింది ఆటగాడు కాదు. అమెరికాలో అప్పులపాలైన చార్లెస్ గుడ్‌ఇయర్. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా సాగుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో ఆయన దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఆ జబ్బు కుదురుతుందని కనిపెట్టాడు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. గొలుసులు సాగుతాయి గానీ జారిపోవు, వదలగానే యథాస్థానానికి వస్తాయి. గాలి నిండిన బోలు రబ్బరు బంతికి ఇక పచ్చిక అంటే భయం లేదు.

అయితే పచ్చిక కూడా చదునుగా ఉండాలి కదా! గుడ్‌ఇయర్ రబ్బరు సంగతి కనిపెట్టడానికి తొమ్మిదేళ్ల ముందే, 1830లో, ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం తయారుచేశాడు. ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టింది.

బంతి, పచ్చిక రెండూ సిద్ధమయ్యాక ఆట రావడానికి ఎంతో కాలం పట్టలేదు. బర్మింగ్‌హామ్‌లో లాయరు హ్యారీ జెమ్, ఆయన స్పెయిన్ మిత్రుడు అగూరియో పెరేరా 1860ల నాటికే ఇంటి పచ్చిక మీద ఆడుకుంటున్నారు. పేరు మాత్రం మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్‌కు దక్కింది. ఆయన 1874లో పేటెంట్ తీసుకుని, వల, రాకెట్లు, బంతులు ఒక పెట్టెలో సర్ది అమ్మాడు. ఆయన కోర్టు నడుము సన్నగా, డమరుకంలా ఉండేది. ఆటకు ‘స్ఫైరిస్టికే’ అని నోరు తిరగని గ్రీకు పేరు పెట్టాడు. జనం ఆటను తీసుకుని పేరును వదిలేశారు. అదే ఏడాది జె. ఎం. హీత్‌కోట్ అనే ఆటగాడు రబ్బరు బంతికి ఫ్లానెల్ గుడ్డ తొడిగి చూశాడు. నునుపు తగ్గి బంతి మీద రాకెట్‌కు పట్టు దొరికింది. నేటి బంతి మీది నూగు అక్కడ మొదలైంది.

వింబుల్డన్‌లో క్రోకే, అంటే పచ్చిక మీద కొయ్య సుత్తితో బంతిని కమ్మీల గుండా కొట్టే ఆట, ఆడుకునే క్లబ్బు ఒకటి ఉండేది. పచ్చికను చదునుచేసే, గుర్రం లాగే రోలరు మరమ్మతుకు డబ్బు కావలసి 1877లో టెన్నిస్ పోటీ పెట్టిందని చెబుతారు. 22 మంది పేర్లిచ్చారు, స్పెన్సర్ గోర్ గెలిచాడు. డమరుకం పోయి 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రం వచ్చింది. ఈనాటికీ సింగిల్స్ కొలత అదే. 15, 30, 40 అనే పాయింట్ల లెక్క మాత్రం పాత ఆటదే. పాయింటుకో పావు చుట్టు గడియారం ముల్లును జరిపేవారని కథ చెబుతుంటారు గానీ, గడియారాలకు నిమిషాల ముల్లు మామూలు కాకముందే ఆ లెక్క ఉంది.

ఇప్పుడు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి, లేకపోతే పోటీకి పనికిరాదు. గచ్చు మీది పాత ఆట కూడా చచ్చిపోలేదు. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ ప్రాసాదంలో 17వ శతాబ్దపు కోర్టులో నేటికీ ఆడుతున్నారు. ఆ బంతిలో రబ్బరు, గాలి ఉండవు. బెండు ముద్ద చుట్టూ గుడ్డ పట్టీలు చుట్టి, పురికొస బిగించి, పైన మందపాటి ఉన్ని గుడ్డ చేత్తో కుడతారు.