పిల్లల తెలుగు రాత: ఇంటి సాధనలో అపోహలు, వాస్తవాలు

అపోహ: తప్పు రాసిన పదాన్ని పదిసార్లు రాయిస్తే వచ్చేస్తుంది.

రెండోసారి నుంచే చూపు పై వరసకు పోతుంది. కొందరైతే ‘పు’ పదీ నిలువుగా రాసేసి, పక్కన ‘స్త’ పదీ, ఆ పక్కన ‘కం’ పదీ దింపుతారు. చెయ్యి నొప్పెడుతుంది, పదం మాత్రం గుర్తుండదు. చూసి రాయడం వేరు, గుర్తు తెచ్చుకుని రాయడం వేరు. పదం చూపించి చదివించండి, మూసేయండి, రాయమనండి, తెరిచి తననే సరిచూసుకోనివ్వండి. తప్పితే మళ్లీ మొదటికి. పూటకు ఐదారు పదాలు, పది నిమిషాలు చాలు. అవే పదాలు మర్నాడు, మూడు రోజులాగి, వారం తర్వాత తప్పకుండా అడగండి. చాలా ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే.

అపోహ: తెలుగు పలికినట్టే రాస్తాం, కాబట్టి సరిగ్గా పలికితే తప్పులు రావు.

సగమే నిజం. ‘రాత్రి’ చూడండి. చెవికి త్, ర్, ఇ వరసగా వినిపిస్తాయి. ‘ఇ’ ఆఖర్న వినిపించినా గుడి పెట్టేది ‘త’కే, ‘ర’ ఒత్తుగా కిందికి పోతుంది. ఇది తెలియని పిల్లలు ‘రాత్ర’ అనో ‘రాతిరి’ అనో రాస్తారు. అది అజాగ్రత్త కాదు, విన్నది విన్నట్టు రాయడమే. కోప్పడటం అన్యాయం. క్రమం ఇలా అలవాటు చేయండి: ముందు పై అక్షరం, దానికి గుణింతపు గుర్తు, చివర ఒత్తు. అమ్మ, అక్క, చెట్టు లాంటి జంట అక్షరాలు కుదిరాకే పుస్తకం, రాత్రి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. ఈ ఆరింటినీ ఒక అట్టముక్క మీద రాసి ఎదురుగా పెట్టండి.

‘బాధ’, ‘కృషి’ లాంటివి చెవితో తేలవు. ‘బాధ’ను ‘భాద’ అని పెద్దలే రాస్తుంటారు. కంటితో గుర్తుపెట్టుకోవాల్సిందే, తప్పే అక్షరం ఒక్కటీ రంగు పెన్సిల్‌తో రాయించండి.

అపోహ: గుణింతం గడగడా అప్పజెబితే దీర్ఘాలు వచ్చినట్టే.

‘కొ’ రాయమంటే క, కా, కి, కీ అంటూ మొదటి నుంచి వస్తే, వచ్చింది పాటే. వరస తప్పించి అడగండి: కే, కు, కౌ, కి. పడు–పాడు, కొన–కోన లాంటి జంటలు పలికిస్తూ, హ్రస్వానికి ఒక చప్పట, దీర్ఘానికి చెయ్యి పక్కకు సాగదీయమనండి.

అపోహ: డిక్టేషన్ ఎంత విడదీసి చెబితే అంత మేలు.

‘పు... స్... త...’ అంటే పిల్లల పని మీరే చేసినట్టు. పదం మామూలుగా పలికి, చిన్న వాక్యంలో వాడి, ఆగండి. పిల్లల పెదవులు కదులుతున్నంతసేపు మాట్లాడకండి.

అపోహ: ప్రతి తప్పునూ ఎర్రగా దిద్దాలి.

వారానికి ఒక రకం తప్పే పట్టుకోండి. దీర్ఘాల వారంలో ఒత్తు పోయినా వదిలేయండి. ‘ఈ వరసలో ఒక దీర్ఘం ఎగిరిపోయింది, వెతుకు’ అంటే చాలు. నెలల తరబడి ఇలా చేయించినా ‘ట’ను ‘డ’గా, ‘ప’ను ‘బ’గా రాస్తూనే ఉంటే, ఇంకా రాయించే ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించండి.