పులికాట్‌ను బొమ్మలో చెప్పడం: అపోహలు - వాస్తవాలు

సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు పులికాట్ సరస్సు మీద అవగాహన సదస్సు పెడితే గోడకు ఓ బొమ్మ తప్పకుండా వేలాడుతుంది. నీలం సరస్సు, నాలుగు ఫ్లెమింగోలు, మూలన సూర్యుడు. చూడ్డానికి బాగానే ఉంటుంది, చెప్పేది మాత్రం ఏమీ ఉండదు. కాన్సెప్చువల్ డయాగ్రం పని వేరు. ఏది దేనివల్ల జరుగుతోందో అది చూపించాలి.

అపోహ: ముందు బొమ్మ గీస్తే విషయం దానంతట అదే వస్తుంది.

ముందు వాక్యం, తర్వాతే పెన్సిల్. "పులికాట్‌ను కాపాడుకుందాం" అన్నది నినాదం, దాన్ని గీయలేం. "ముఖద్వారం పూడితే రొయ్యపిల్ల సరస్సులోకి రాలేదు, వలలో రొయ్య తగ్గుతుంది" అన్నదాన్ని గీయొచ్చు. ముఖద్వారమంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు ఉప్పుటేరుల్లో, సరస్సుల్లో పెరిగి, ఎదిగాక మళ్లీ సముద్రానికి పోతాయి. అందుకే ముఖద్వారం దగ్గర రాకకు ఒక బాణం, పోకకు ఒకటి ఉండాలి. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేస్తే తెగేవి ఆ రెండూ.

అపోహ: స్కేలుకు గీస్తేనే శాస్త్రీయం.

లెక్క వేసి చూడండి. 16 కిలోమీటర్ల వెడల్పును ఏ3 కాగితం మీద 40 సెంటీమీటర్లలో పట్టిస్తే సెంటీమీటరుకు 400 మీటర్లు. అదే స్కేలులో ఒక మీటరు లోతు 0.025 మిల్లీమీటర్లు. పెన్సిల్ గీతే అంతకంటే లావుగా ఉంటుంది. పులికాట్‌లో చాలాచోట్ల లోతు ఆ మీటరు అటూఇటే. కాబట్టి లోతును 4, 5 సెంటీమీటర్లకు పెంచి గీసి, కింద "స్కేలుకు గీసినది కాదు" అని రాయండి. వరస మాత్రం మారకూడదు: పడమట కాళంగి నది, తర్వాత బురదనేల, సరస్సు, శ్రీహరికోట, ఆపైన బంగాళాఖాతం.

అపోహ: బాణం గీస్తే సంబంధం చూపినట్టే.

ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే. నీళ్లకు, చేపలకు, మురుగుకు ఒకే రకం బాణం వాడితే చూసేవాడికి ఏం అర్థమవుతుంది? నీటికి నిండు గీత, జీవుల కదలికకు గీతల వరస, కాలుష్యానికి వంకర గీత పెట్టండి. రంగును మాత్రమే నమ్ముకుంటే జిరాక్స్ తీయగానే అన్నీ ఒకటైపోతాయి. ఆహార బాణం తినబడేదాని నుంచి తినేదాని వైపు పోవాలి, అంటే చేప నుంచి గూడబాతుకు (పెలికాన్). పిల్లలు దీన్ని తిరగేసి గీస్తారు, పెద్దలూ తక్కువేం కాదు. ప్రతి బాణం మీద ఒక క్రియ రాయండి: తెస్తుంది, అడ్డుకుంటుంది, ఆవిరవుతుంది. క్రియ దొరకని బాణాన్ని చెరిపేయండి.

అపోహ: ఏడాదికంతా ఒక బొమ్మ చాలు.

పులికాట్‌కు చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నదులు పొంగి సరస్సులో ఉప్పదనం పడిపోతుంది, ఏటి మొగల దగ్గర దాదాపు మంచినీరే. ఎండాకాలంలో పైనుంచి నీరు రాదు, ముఖద్వారం పూడితే సముద్రమూ రాదు, ఉన్న నీరు ఆవిరవుతుంది. అప్పుడు ఉప్పు సముద్రపు నీటిని మించిపోతుంది. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాములు ఉంటుంది. రెండు బొమ్మలూ పక్కపక్కన, ఒకే కొలతలో, ఒకే చోట గుర్తులతో పెట్టండి. మారినవి మాత్రమే మారి కనిపించాలి.

అపోహ: నెట్‌లో దొరికే సింబల్స్ ఎక్కడైనా పనికొస్తాయి.

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐఏఎన్ (ఇంటిగ్రేషన్ అండ్ అప్లికేషన్ నెట్‌వర్క్) సింబల్ లైబ్రరీ మంచిది, ఉచితం కూడా. కానీ ఎస్చ్యుయరీ (నది సముద్రంలో కలిసే చోటు) అనగానే ఒడ్డంతా మడచెట్లు అంటించేస్తారు. మన వైపు పులికాట్ ఒడ్డున కనిపించేది ఎక్కువగా బురదనేల. గూడబాతు గూడును సరస్సులో పెట్టడం ఇంకో తప్పు. అది గూడు కట్టేది నేలపట్టు చెరువులోని చెట్ల మీద, మేతకు పులికాట్‌కు వస్తుంది. ఆ రెంటి మధ్య బాణం గీస్తే చెరువుకూ సరస్సుకూ లంకె తేలిగ్గా తెలుస్తుంది. ఫ్లెమింగోకైతే ఇక్కడ గూడే వేయొద్దు. అది మేతకు వచ్చే పక్షి, పెద్ద ఫ్లెమింగో గుడ్లు పెట్టేది కచ్ రణ్‌లో.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి.

అక్కర్లేదు, ఇంక్‌స్కేప్ ఉచితం. తలనొప్పి తెలుగు అక్షరాలతో వస్తుంది. ఫ్లెక్స్ షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోయి "ముఖద్వారం" కాస్తా "ముఖద్‌వారం" అవుతుంది. అచ్చుకు ఇచ్చే కాపీలో అక్షరాలను పాత్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా) మార్చేయండి, దిద్దుకోవడానికి అసలు ఫైలు విడిగా దాచుకోండి. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు అంగుళం ఉండాలి. ఒత్తులు పక్క వరసకు తగలకుండా వరసల మధ్య ఇంగ్లిష్‌కు వదిలేదానికంటే ఎక్కువ ఖాళీ వదలండి.

అచ్చుకు పంపే ముందు పెన్సిల్ నకలును ఓ జాలరి చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా, "ఇందులో ఏముందన్నా?" అని అడగండి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ బాణం తప్పన్నా అయుంటుంది, మీ వాక్యం తప్పన్నా అయుంటుంది.