వైఫై కాలింగ్: ఫోన్ మనది, స్విచ్ ఎవరిది?

ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ గొడవ మళ్లీ రాజుకుంటుంది. మొబైల్ టవర్ బదులు వైఫై ఇంటర్నెట్ గుండా మామూలు ఫోన్ కాల్ చేసుకునే సౌకర్యమే వైఫై కాలింగ్. నిన్నటిదాకా సెట్టింగ్స్‌లో కనిపించిన దాని స్విచ్ ఇవాళ మాయం. కొందరి ఫోన్లలో స్విచ్ ఉంటుంది, ఆన్ చేసిన మరుక్షణం దానంతటదే ఆఫ్ అయిపోతుంది. ఇంకొందరికి ఆన్‌లోనే ఉంటుంది, కాల్ మాత్రం ఒంటి గీత మొబైల్ సిగ్నల్ మీదే వెళ్లి గరగరలాడి కట్ అవుతుంది. నెట్‌వర్క్ కంపెనీని అడిగితే ఫోన్ కంపెనీని అడగమంటుంది. ఫోన్ కంపెనీ మళ్లీ ఆపరేటర్ (నెట్‌వర్క్ కంపెనీ) వైపే వేలు చూపిస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి చూడండి అన్న సలహా మాత్రం ఇద్దరి దగ్గరా దొరుకుతుంది. రీసెట్ చేస్తే సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. చాలాసార్లు స్విచ్ తిరిగి రాదు.

ఒకప్పుడు ఇది చిన్న చికాకు. ఇప్పుడు అలా కొట్టిపారేయడానికి లేదు. చాలా దేశాల్లో 3జీ మూతపడింది, మరికొన్నిచోట్ల మూత దగ్గరపడింది. 4జీ సిగ్నల్ అందని గదిలో కాల్‌కు ఆసరాగా ఉండే పాత నెట్‌వర్క్ అలా తప్పుకుంది. దానికి తోడు ఎండ వేడి లోపలికి రాకుండా లోహపు పూత వేసిన కిటికీ అద్దాలు రేడియో తరంగాలను కూడా బయటే ఆపేస్తున్నాయి. అలాంటి భవనంలో కూర్చున్నవాళ్లకు వైఫై కాలింగే ఫోన్. అందుకే ఆ స్విచ్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఇప్పుడింత పదును వచ్చింది.

వైఫై మీద కాల్ అనే ఆలోచన కొత్తదేం కాదు. యూఎంఏ అనే పద్ధతి 2000ల మధ్యలోనే వచ్చింది. ఫ్రాన్స్‌లో ఆరంజ్ 2006లో, అమెరికాలో టీ-మొబైల్ 2007లో దాని మీద సేవలు మొదలుపెట్టాయి. ఇంట్లోని వైఫై రూటర్ గుండా వచ్చే ఫోన్‌ను నెట్‌వర్క్ తన సెల్ టవర్ కిందే ఉన్న ఫోన్‌లాగా చూసేది. మాట్లాడుతూ వీధిలోకి నడిస్తే కాల్ మామూలు 2జీ (జీఎస్ఎం) టవర్‌కు మారిపోయేది, తిరిగొస్తే మళ్లీ వైఫై మీదికి వచ్చేది. ఇవాళ్టి గొడవకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. అప్పటి బ్లాక్‌బెర్రీ ఫోన్లలో నాలుగు ఎంపికలు ఉండేవి: వైఫైకి ప్రాధాన్యం, మొబైల్ నెట్‌వర్క్‌కు ప్రాధాన్యం, వైఫై మాత్రమే, మొబైల్ మాత్రమే. ఏది కావాలో ఫోన్ పట్టుకున్నవాళ్లే ఎంచుకునేవారు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో చాలావాటికి ఈ పాటి స్వేచ్ఛ కూడా లేదు.

యూఎంఏ నిలవలేదు. దాన్ని ఫోన్ లోపలే అమర్చాలి, అందుకు ఒప్పుకున్న తయారీదారులు తక్కువ. ఐఫోన్ దాని జోలికే పోలేదు. ఆ కథను అక్కడితో వదిలేద్దాం, ఎందుకంటే అసలు మలుపు 2014, 2015లలో వచ్చింది.

2014 జూన్‌లో యాపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8తో వైఫై కాలింగ్ తెస్తున్నామని ప్రకటించింది. సెప్టెంబరులో టీ-మొబైల్ దాన్ని ఘనంగా మొదలుపెట్టింది, 2015 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఈఈ అనే ఆపరేటర్ అందుకుంది. పేరు పాతదే గానీ లోపలి పద్ధతి పూర్తిగా వేరు. ఫోన్ ఇప్పుడు ఇంటర్నెట్ గుండా ఆపరేటర్ పెట్టిన ఈపీడీజీ అనే ద్వారం దగ్గరికి వెళ్లి, సిమ్‌తో తానెవరో రుజువు చేసుకుని, గుప్తీకరించిన సొరంగం ఒకటి తెరుచుకుంటుంది. కాల్ అందులోంచి వోల్టీని (4జీ మీద నడిచే కాల్స్‌ను) నడిపే వ్యవస్థలోకే చేరుతుంది. సాంకేతికంగా ఇది మంచి పద్ధతే, ఎవరూ కాదనరు. అయితే ద్వారం ఆపరేటర్‌ది. దాని తలుపు ఎవరికి, ఏ మోడల్ ఫోన్‌కు, ఏ దేశం నుంచి వస్తే తెరవాలో చెప్పేదీ ఆపరేటరే.

ఇదంతా వినియోగదారు కళ్ల ముందు బయటపడింది 2015 ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య, అమెరికాలో. ఐఓఎస్ 9 బీటా (విడుదలకు ముందు పరీక్షించే రూపం) వేసుకున్న ఏటీ అండ్ టీ అనే ఆపరేటర్ చందాదారులకు ఆగస్టులో వైఫై కాలింగ్ స్విచ్ కనిపించింది. ఆన్ చేస్తే పనిచేసింది కూడా. సెప్టెంబరు 16న ఐఓఎస్ 9 అందరికీ విడుదలైంది గానీ ఏటీ అండ్ టీ వైఫై కాలింగ్ మొదలుకాలేదు. కారణం ఫోన్‌లో లేదు, వైఫైలో అసలే లేదు. బధిరులు టైపు చేసి మాట్లాడుకునే టీటీవై యంత్రాలు ఇంటర్నెట్ కాల్ మీద సరిగా పనిచేయవు, దారిలో డేటా ముక్కలు (ప్యాకెట్లు) పోతే అక్షరాలు తారుమారవుతాయి. ఫోన్ సేవలన్నీ టీటీవైకి అనువుగా ఉండాలన్నది అప్పట్లో అక్కడి నియమం. దాని బదులు టైపు చేస్తుండగానే అక్షరాలు అవతలివారికి కనిపించే రియల్-టైమ్ టెక్స్ట్ అనే కొత్త పద్ధతి తెస్తామని, అప్పటిదాకా మినహాయింపు ఇవ్వమని ఏటీ అండ్ టీ జూన్‌లోనే టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని కోరింది. జవాబు రాలేదు. సెప్టెంబరు 30న ఘాటుగా ఒక లేఖ రాసింది: మేం అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం, మా పోటీదారులు ఏ మినహాయింపూ లేకుండానే ఈ సేవ నడిపేస్తున్నారు, ఇదేం న్యాయం అని. అక్టోబరు 6న మినహాయింపు వచ్చింది. 8న స్విచ్ వచ్చింది.

ఆ రెండు నెలల్లో చందాదారుల ఫోన్లు మారలేదు, వాళ్ల ఇళ్లలోని రూటర్లూ మారలేదు. మారింది కాగితం ఒక్కటే. స్విచ్ అన్నది అనుమతి ఉందో లేదో తెలిపే గుర్తు మాత్రమేనని అప్పుడే తేలిపోయింది. మరో ఆపరేటర్ వెరైజన్ కూడా మినహాయింపు తెచ్చుకున్నాకే సేవ మొదలుపెట్టింది, దాని ఐఫోన్ వాడకందారులు 2016 మార్చిదాకా ఆగాల్సి వచ్చింది. బధిరుల హక్కు నిజమైన హక్కే, దాన్ని పక్కన పెట్టమని ఎవరూ అనలేదు. కానీ ఆన్ చేయబోయే మనిషికి ఈ సంగతి చెప్పడానికి సెట్టింగ్స్ తెరమీద చోటే లేకపోయింది. ఇప్పటికీ లేదు.

అదే ఏడాది ఇంకోవైపు, పెద్దగా ఎవరూ గమనించకుండా, ఈ ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే స్థిరపడింది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0లో ప్రతి ఆపరేటర్‌కూ ఒక కాన్ఫిగరేషన్ పట్టిక పెట్టారు. వైఫై కాలింగ్ అందుబాటులో ఉందా లేదా అన్నది అందులో ఒక వరుస. వైఫైకి ప్రాధాన్యమా, మొబైల్‌కా అన్న ఎంపికను వినియోగదారు మార్చుకోవచ్చా లేదా అన్నది ఇంకో వరుస. ఆపరేటర్ అక్కడ ‘కాదు’ అని రాస్తే ఆ ఎంపిక తాకడానికే ఉండదు. ఐఫోన్‌లో ఇదే పని క్యారియర్ సెట్టింగ్స్ ఫైలు చేస్తుంది. అది ఐఓఎస్‌తో సంబంధం లేకుండా విడిగా కూడా అప్‌డేట్ అవుతుంది. అప్‌డేట్ తర్వాత స్విచ్ ఎందుకు పోయిందని అడిగేవాళ్లు సాధారణంగా ఈ ఫైలు వైపు చూడరు, చూడమని చెప్పేవాళ్లూ తక్కువే. పిక్సెల్ ఫోన్లను గూగుల్ అమ్మని దేశాల్లో వాడేవాళ్లు మాత్రం దీన్ని కనిపెట్టేశారు. డెవలపర్ మార్గాల్లోంచి ఆ పట్టికను తామే మార్చుకుని, లేదనుకున్న వైఫై కాలింగ్‌ను నడిపించుకున్నారు. ఫోన్‌కు చేతకాకపోవడం వల్ల కాదని అంతకంటే రుజువేం కావాలి?

ఆపరేటర్ల వాదన కూడా ఉంది. టవర్ మీద కాల్ అయితే ఫోన్ ఎక్కడుందో కొంతైనా తెలుస్తుంది. వైఫై మీద వచ్చిన అత్యవసర కాల్ ఎక్కడి నుంచో తెలియడం కష్టం. అందుకే అమెరికాలో స్విచ్ ఆన్ చేసేముందు చిరునామా నమోదు చేయాలి. అది లేకపోతే కొన్ని ఫోన్లలో ఆర్‌ఈజీ99 అని ఒక కోడ్ కనిపిస్తుంది. చిరునామా ఇవ్వండి అని మామూలు మాటల్లో చెబితే ఏం పోయేదో! ప్రతి మోడల్‌నూ పరీక్షించకుండా అనుమతిస్తే నింద తమ మీదే పడుతుందన్నది వాళ్ల రెండో మాట. రెండూ సబబే. కానీ ప్రాధాన్యం ఎంపికను దాచడానికి ఈ రెండింటిలో ఏదీ కారణం కాదు.

నిత్యం చికాకు పెట్టేది నిజానికి ఆ దాచిన ఎంపికే. మొబైల్‌కు ప్రాధాన్యం అని ఆపరేటర్ నిర్ణయిస్తే, కొద్దిపాటి సిగ్నల్ ఉన్నా ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. అందుకే ఇంట్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటీ ఆన్ చేసుకునే చిట్కా అంతగా పాకింది. వైఫైకి ప్రాధాన్యం ఉన్నచోట ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: గుమ్మం దాటి వీధిలోకి వచ్చినా ఫోన్ నీరసించిన వైఫైని వదలదు. వోల్టీ ఉంటే కాల్ దాని మీదికి మారగలదు. కింద 3జీయో 2జీయో మాత్రమే ఉంటే సాధారణంగా కట్ అయిపోతుంది. 2007లో జీఎస్ఎం మీదికి సాఫీగా జరిగిన మార్పు కొత్త పద్ధతిలో ఇలా తయారైంది.

ఆఫీసుల్లో, హోటళ్లలో తలెత్తే చిక్కుకు మాత్రం ఆపరేటర్‌ను అనడానికి లేదు. ఫోన్ తెరుచుకునే ఆ గుప్తీకరించిన సొరంగానికి యూడీపీ 500, 4500 అనే రెండు పోర్టులు (నెట్‌వర్క్‌లో డేటా వెళ్లే దారులు) తెరిచి ఉండాలి. ఆఫీసు నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ వాటిని మూసేస్తే బ్రౌజర్, వీడియో అన్నీ పనిచేస్తాయి, వైఫై కాలింగ్ మాత్రం నోరెత్తదు. ఇలాంటిచోట నెట్‌వర్క్ చూసుకునే ఐటీ వాళ్లను ఈ రెండు పోర్టుల సంగతి అడగడం ఫోన్ రీసెట్ కంటే మేలు.

విదేశాలకు వెళ్లినప్పుడు అనుమతి సంగతి మళ్లీ ముందుకొస్తుంది. హోటల్ వైఫై మీద ఇంటికి చేసిన కాల్‌ను కొందరు ఆపరేటర్లు స్వదేశంలో చేసినట్టే లెక్కిస్తారు. కొందరు రోమింగ్ ధర వేస్తారు. ఇంకొందరు విదేశీ ఐపీ చిరునామా చూడగానే తలుపు తెరవరు. ఇంటర్నెట్‌కు దేశం ఏదైనా ఒకటే. రోమింగ్ ఆదాయానికి మాత్రం ఒకటి కాదు.

2024 అక్టోబరు 28న ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ అనే ఆపరేటర్లు 3జీని ఆపేశాయి. 4జీ మీద అత్యవసర నంబరుకు కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ నుంచే తప్పించాలని అక్కడ నిబంధన పెట్టారు. బయటి దేశాల్లో కొన్న ఫోన్లు కొన్ని, 4జీ డేటా చక్కగా నడుస్తున్నా, ఆపరేటర్ ఆమోదించిన జాబితాలో లేనందుకు ఆగిపోయాయి. అక్కడ తలెత్తిన తగవు వైఫై కాలింగ్ గురించి కాకపోయినా, ఏ మోడల్‌ను ఆమోదించాలో ఆపరేటరే నిర్ణయించే ఆ జాబితాల పద్ధతి ఇదే. వైఫై కాలింగ్ గురించి ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నవాళ్లు జాబితా తీసేయమని అడగడం లేదు. తమ ఫోన్ అందులో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో, స్విచ్ ఉండాల్సిన చోటే ఒక్క వాక్యంలో చూపించమంటున్నారు. ఆపరేటర్లు, ఫోన్ కంపెనీలు ఎవరికి వారు అది ఎదుటివాళ్ల పని అంటున్నారు.