హోమ్ కేర్ నర్సుల కంప్యూటర్ ట్రైనింగ్: కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో హోమ్ కేర్‌లో, అంటే పేషెంట్ ఇంటికే వెళ్లి చూసుకునే పనిలో, కొత్తగా చేరే నర్సులకు కంప్యూటర్ పాఠాలు తయారుచేయడం నా పని. చేరేవాళ్లలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన జీఎన్ఎం, ఏఎన్ఎం అనే నర్సింగ్ కోర్సులు చేసిన అమ్మాయిలు చాలామంది. వీళ్ల ట్రైనింగ్ గురించి మీటింగుల్లో పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల నష్టపోయేది వీళ్లూ, పేషెంట్లూ కాబట్టి రాస్తున్నా.

అపోహ: హాస్పిటల్ పాఠాలనే ఇక్కడా పెట్టేస్తే చాలు, నర్సింగ్ ఎక్కడైనా నర్సింగే.

చాలదు. వార్డులో డౌటొస్తే పక్కనే సీనియర్ సిస్టర్ ఉంటుంది, డ్యూటీ డాక్టర్ ఉంటాడు. జయనగర్‌లో ఒక ఇంట్లో నైట్ డ్యూటీ చేసే అమ్మాయికి ఉన్నదల్లా చేతిలో ఫోను, పక్క గదిలో నిద్రపోతున్న కోడలు. ఒక్కతే ఉన్నప్పుడు ఏం చెయ్యాలో తేల్చుకోవడం పాఠం నేర్పాలి.

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన దగ్గర ఎంఎల్‌కి 40 యూనిట్ల వయల్సూ (ఇన్సులిన్ సీసాలు) ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. సిరంజిలూ అంతే, ఎర్ర మూతది 40కి, ఆరెంజ్ మూతది 100కి. ఇంట్లోవాళ్లు మెడికల్ షాపులో ఏది ఇస్తే అది తెచ్చి పెడతారు. 40 వయల్ నుంచి ఆరెంజ్ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 వయల్‌కి ఎర్ర మూత సిరంజి వాడితే 20 అనుకున్నది 50 అవుతుంది, షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

దీన్ని స్లైడులో ఒక లైనుగా రాస్తే ఎవరికీ బుర్రకెక్కదు. అందుకే నా పాఠంలో తెర మీద ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది, కరివేపాకు డబ్బా పక్కన వయల్, టేబుల్ మీద ఆరెంజ్ మూత సిరంజి, వెనక నుంచి పెద్దాయన "టిఫిన్ చల్లారిపోతోందమ్మా, తొందరగా వేసెయ్" అంటుంటాడు. వేసేస్తావా, లెక్కగట్టి అదే సిరంజితో సర్దేస్తావా, సరైన సిరంజి తెప్పించమని చెప్పి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తావా? వయల్‌ని నొక్కి లేబుల్ చదివితే తప్ప అది ఎంత స్ట్రెంత్‌దో తెలియదు. చాలామందిని లాగేది ఆ మధ్య దారే, అందుకే దాన్ని కావాలనే పెట్టాను.

అపోహ: వీడియో చివరిదాకా చూస్తే నేర్చుకున్నట్టే.

రిపోర్టులో అందరి పేర్ల ఎదుట పచ్చ టిక్కు కనిపిస్తే మేనేజర్లకు టెన్షన్ పోతుంది, అంతే. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, చదివి దాన్ని గుర్తుచేసుకుంటూ టెస్టు రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అదీ చిత్రమేమంటే, ఐదు నిమిషాల తర్వాత చూస్తే మాత్రం చదివినవాళ్లే ముందున్నారు! కాబట్టి ఇండక్షన్ రోజు సాయంత్రం పెట్టే క్విజ్‌ని నమ్మకండి. వారం ఆగి, డ్యూటీలో ఉండగా ఫోన్‌కి నాలుగు ప్రశ్నలు పంపండి.

అపోహ: నర్సింగ్ ఇంగ్లీషులోనే చదివారు కదా, పాఠమంతా ఇంగ్లీషులోనే ఉండాలి.

మందుల పేర్లు, చార్టు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. కానీ పెద్దాయనకి కోపం రాకుండా "ఈ సిరంజితో వెయ్యకూడదండీ, పది నిమిషాలు ఆగుదాం" అని చెప్పడం తెలుగులోనో కన్నడలోనో జరుగుతుంది. ఆ మాట ప్రాక్టీసు కూడా అదే భాషలో కావాలి.

అపోహ: పల్లెటూరి పిల్లలకి కంప్యూటర్ రాదు.

ఫోన్ అందరికీ వచ్చు. పీజీ హాస్టల్లో నెట్ సరిగా ఉండదు, పాఠాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకునేలా చిన్న ముక్కలుగా ఇస్తే సరిపోతుంది.

అపోహ: కంప్యూటర్ ఉంటే ల్యాబ్ అక్కర్లేదు.

రైల్స్ ట్యూబ్‌లోకి (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) గాలి కొట్టి స్టెతస్కోప్‌తో పొట్ట మీద శబ్దం వింటే చాలు, ట్యూబ్ సరైన చోటే ఉందని నమ్ముతూ వచ్చే అమ్మాయిలున్నారు. ఆ శబ్దాన్ని నమ్మలేం, ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా వినిపించవచ్చు. ట్యూబ్‌లోంచి పైకి లాగిన ద్రవం పీహెచ్ (ఎంత ఆమ్లమో చెప్పే కొలత) 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉందేమో చూడాలి. ఈ నమ్మకాన్ని తెర మీద మార్చగలను. ట్యూబ్ పట్టుకునే చెయ్యి మాత్రం ముందు బొమ్మ మీద, తర్వాత సీనియర్ పక్కనుండగా పేషెంట్ దగ్గరే కుదురుకోవాలి. సీనియర్‌ని పంపడానికి బడ్జెట్ లేదు, కంప్యూటర్ పాఠంతో సర్దేద్దామంటే నేను ఒప్పుకోను.