గీత వంగిన చోట ఏం జరుగుతుంది?

తిండి, గాలి, 37 డిగ్రీల వెచ్చదనం అన్నీ సమృద్ధిగా దొరికితే మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. గంటకు మూడు రెట్టింపులు, రోజుకు 72. ఒక్కో కణం బరువు ఇంచుమించు గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఒకే ఒక్క కణంతో మొదలుపెట్టి ఇదే వేగం సాగిందనుకుంటే, 24 గంటలకు దాని సంతానం దాదాపు 4,700 టన్నులు తూగాలి. ఇంకో ఇరవై గంటలు ఆగితే భూమి బరువుతో సమానం కావాలి.

ఈ లెక్క పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. చదివి 'అమ్మో' అనుకుని పేజీ తిప్పేస్తాం. నిజానికి ఆగి ఆలోచించాల్సింది ఆ పేజీ దగ్గరే. బ్యాక్టీరియా భూమి మీద మూడు వందల కోట్ల ఏళ్లకు పైగా ఉంది. అయినా ఏ రెండు రోజుల్లోనూ అది భూమంత కాలేదు. మరి ఈ లెక్క వెనకున్న సూత్రం తప్పా? కాదు. అది ఒక షరతు మీద నడుస్తుంది. ఆ షరతు ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు చెదురుతుందో చూడడంలోనే బ్యాక్టీరియా గురించి చాలా సంగతులు బయటపడ్డాయి.

సూత్రం చాలా చిన్నది. మొదట ఉన్న సంఖ్యను 2తో గుణిస్తూ పోవాలి. ఎన్నిసార్లు? గడిచిన సమయాన్ని రెట్టింపు కాలంతో భాగిస్తే ఎంత వస్తే అన్నిసార్లు. అంటే కాలం ఘాతాంకం స్థానంలో ఉంటుంది, అందుకే దీన్ని ఘాతీయ ప్రమేయం అంటారు. షరతు కూడా అందులోనే ఉంది: ప్రతి కణమూ పక్క కణంతో సంబంధం లేకుండా, నిన్నటి వేగంతోనే ఇవాళా చీలాలి. అప్పుడే పెరుగుదల వేగం ఉన్న సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుంది. లెక్కల్లో 2 బదులు 2.718 అనే 'ఇ' సంఖ్యను వాడడం కూడా మామూలే. అప్పుడు 0.693ను (2కు సహజ లాగరిథమ్) రెట్టింపు కాలంతో భాగిస్తే పెరుగుదల రేటు వస్తుంది. ఇరవై నిమిషాల రెట్టింపుకు అది గంటకు సుమారు 2.08.

ఈ చిన్న సూత్రం ల్యాబ్‌లో ఎంత పనిచేస్తుందో ఒక్క ఉదాహరణ. ఇరవై రెట్టింపులంటే ఒక కణం పది లక్షలు దాటుతుంది, కంటికి కనిపించే కాలనీగా, అంటే కణాల గుంపుగా మారడానికి అటూఇటూగా అంత కావాలి. ఇ. కోలైకి ఇరవై ఇరవైలు 400 నిమిషాలు, ఏడు గంటలలోపు. క్షయ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి మాత్రం సుమారు ఇరవై గంటలు పడుతుంది. ఇరవై రెట్టింపులకు 400 గంటలు, అంటే 17 రోజులు. మామూలు కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు మర్నాటికో ఆ తర్వాతి రోజుకో వస్తే, టీబీ కల్చర్‌కు వారాలు ఎందుకు ఆగాలో ఈ భాగహారమే చెబుతుంది.

కణాలను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. ద్రవం ఎంత మసకబారిందో, కాంతిని దాని గుండా పంపి కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తారు. పది గంటలకు రీడింగ్ 0.08, పదకొండుకు 0.32 అనుకుందాం. నాలుగు రెట్లు అయింది, అంటే గంటలో రెండు రెట్టింపులు, రెట్టింపు కాలం అరగంట. రీడింగ్ మరీ పెరిగితే పరికరం అసలు సంఖ్య కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి నమూనాను పలచన చేసి మళ్లీ చూడాలి. ఈ రీడింగులను మామూలు గ్రాఫ్ మీద పెడితే మొదట నేలను అంటుకుని, తర్వాత నిలువునా లేచే వక్రం వస్తుంది. దాన్ని చూసి ఏమీ తేల్చలేం. ప్రతి రెట్టింపుకూ ఒకే ఎత్తు పెరిగే లాగ్ గ్రాఫ్ మీద పెట్టండి, సరళరేఖ వస్తుంది. ఎంత నిటారుగా ఉంటే అంత వేగం. సరళరేఖ ఉన్నంతసేపూ షరతు నిలిచినట్టే. వంగిందంటే లోపల ఏదో మారింది.

ఆ గీత మొదట్లోనే ఒక వంపు ఉంటుంది. కొత్త ద్రవంలో వేసిన కణాలు వెంటనే చీలవు. అక్కడి తిండికి తగిన ఎంజైములను, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను సమకూర్చుకునే దాకా సంఖ్య దాదాపు కదలదు.

వంపు లేని చోట కూడా ఒక చిక్కు ఉంది. ఇ. కోలై డీఎన్‌ఏ దాదాపు 46 లక్షల అక్షరాల వలయం. దాని కాపీ ఒక చోట మొదలై రెండు వైపులా సాగుతుంది, ఒక్కో వైపు సెకనుకు సుమారు వెయ్యి అక్షరాల చొప్పున. సగం వలయానికి 2,300 సెకన్లు, దాదాపు నలభై నిమిషాలు. కాపీ ముగిశాక కణం చీలడానికి మరో ఇరవై. మొత్తం గంట. గంట పట్టే పనిని ఇరవై నిమిషాలకోసారి ఎలా ముగిస్తుంది?

1968లో స్టీఫెన్ కూపర్, చార్లెస్ హెల్మ్‌స్టెటర్ దీనికి జవాబిచ్చారు. మొదటి కాపీ పూర్తికాక ముందే కణం రెండో కాపీ మొదలుపెడుతుంది, దాని మీద మూడోది. ఇప్పుడు చీలుతున్న కణాన్ని తీసుకుంటే, ఈ చీలికకు కావలసిన కాపీ గంట క్రితం, అంటే దాని అమ్మమ్మ కణం పుట్టినప్పుడే మొదలైంది. ఈ వేగంలో ప్రతి కణమూ సగం కాపీ అయిన డీఎన్‌ఏతోనే పుడుతుంది, తన మనవరాలి పని కూడా తనే ప్రారంభిస్తుంది. గ్రాఫ్ మీద ఒక సాదా సరళరేఖగా కనిపించేదాని వెనక ఇంత పని జరుగుతోందని తెలిశాక, ఆ గీతను మునుపటిలా చూడలేం.

ఇక అన్నిటికంటే గొప్ప వంపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో చూసింది. 1940ల మొదట్లో పారిస్‌లో ఆయన బ్యాక్టీరియాకు రెండేసి చక్కెరలు కలిపి పెట్టి పెరుగుదలను కొలుస్తున్నారు. కొన్ని జంటలకు ఒకే గీత వచ్చింది. గ్లూకోజ్, లాక్టోజ్ లాంటి జంటలకు మాత్రం గీత చక్కగా లేచి, మధ్యలో ఆగి, కాసేపటికి మరో వాలుతో మళ్లీ లేచింది. తిండి అయిపోయి ఆగిందా అంటే, లాక్టోజ్ ఇంకా అలాగే ఉంది. బ్యాక్టీరియా మొదట గ్లూకోజ్‌ను ఖాళీ చేసింది. అది అయిపోయాక లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమును తయారు చేసుకోవడానికి ఆగింది. అంటే ఆ ఎంజైము తాలూకు జన్యువు కణంలో ముందు నుంచీ ఉన్నా పనిచేయడం లేదు. అవసరం పడినప్పుడే పని మొదలుపెట్టింది. జన్యువులను ఎవరు ఆన్ చేస్తారు, ఎవరు ఆఫ్ చేస్తారు అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఫ్రాంస్వా జాకబ్‌తో కలిసి 1961లో మోనో ప్రకటించిన ఒపెరాన్ నమూనా (పక్కపక్కనే ఉన్న జన్యువుల గుంపును ఒకే స్విచ్ నడుపుతుందనే వివరణ) దానికి జవాబు. 1965లో వాళ్లిద్దరికీ, ఆంద్రే ల్వోఫ్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. ఆ మధ్యలోని విరామాన్ని కొలతలో పొరపాటుగా కొట్టిపారేసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి!

చివరి వంపు అందరికీ తెలిసిందే. తిండి తరుగుతుంది, ఆక్సిజన్ చాలదు, వ్యర్థాలు పేరుకుంటాయి. మంచి పోషక ద్రవంలో కూడా ఇ. కోలై మిల్లీలీటరుకు కొన్ని వందల కోట్ల దగ్గర ఆగిపోతుంది. పైన చెప్పిన భూమి బరువు లెక్క నిలబడనిది ఇందుకే. పరిమితి దగ్గరయ్యే కొద్దీ వేగం తగ్గేలా సూత్రాన్ని సవరించినది బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్, 1838లో. ఆయన ఆలోచించింది మనుషుల జనాభా గురించి. ఆ సవరణ వక్రం ఆకారాన్ని బాగానే పట్టుకుంటుంది గానీ, ఏ కారణంతో ఆగిందో చెప్పదు. అది తెలుసుకోవాలంటే మళ్లీ ఫ్లాస్క్ దగ్గరికే వెళ్లాలి.

ఇదే సూత్రానికి మైనస్ గుర్తు పెడితే చావు లెక్క వస్తుంది. మందు వేశాక నిమిషానికి ఇన్ని అని కాకుండా, మిగిలినవాటిలో ఇంత వంతు చొప్పున చస్తాయి. లాగ్ గ్రాఫ్ మీద కిందికి దిగే సరళరేఖ రావాలి. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రవేత్త స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ వేసి చూస్తే కల్చర్ పూర్తిగా నిర్మూలం కాలేదు, కొద్దిపాటి కణాలు మిగిలిపోయాయి. అలాంటి కల్చర్లలో దిగే గీత కొంత దూరం పోయాక పక్కకు వంగుతుంది. మందును తట్టుకునే కొత్త రకం పుట్టిందా అంటే కాదు. మిగిలినవాటిని మళ్లీ పెంచి పెన్సిలిన్ వేస్తే, వాటి సంతానం మొదటివాటిలాగే చచ్చింది. పెన్సిలిన్ దెబ్బతీసేది గోడ కట్టుకుంటూ పెరిగే కణాలను. ఆ కొన్ని కణాలు ఆ సమయంలో చీలడం ఆపి ఊరుకున్నాయి, అందుకే బతికాయి. బిగ్గర్ వాటికి పెట్టిన పెర్సిస్టర్లు (పట్టు విడవనివి) అనే పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది. మందు తీసేశాక అవి మళ్లీ చీలడం మొదలుపెడతాయి, ఇరవై నిమిషాలకోసారో, అరగంటకోసారో.