ఉల్లి ధరతో పుట్టింది, ఓటుతో బతికింది

అమెరికాలోని సియాటిల్‌లో 1906, 1907 మధ్య ఉల్లిపాయల ధర పది రెట్లయింది. పెరిగిన డబ్బు పండించిన రైతుకు దక్కలేదు, మధ్య దళారులకే పోయింది. జనం గగ్గోలు పెట్టడంతో థామస్ రెవెల్ అనే కౌన్సిలర్, రైతులే నేరుగా అమ్ముకునే చోటు కావాలని పట్టుబట్టారు. అలా 1907 ఆగస్టు 17న పైక్ ప్లేస్ మార్కెట్ మొదలైంది. ఆ రోజు బండ్లు కట్టుకుని వచ్చింది కొద్దిమంది రైతులే. సరుకు చూస్తుండగానే అయిపోయింది, చాలామంది ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లారు. షెడ్లు, భవనాలు ఆ తర్వాత లేచినవే.

1960ల్లో దీన్ని కూల్చి హోటల్, ఆఫీసులు, పార్కింగ్ కట్టాలన్నారు. మార్కెట్ పాడుబడింది, ఎవరూ రావడం లేదు అన్నది వాదన. కానీ ఆ కళ తప్పడం వెనక ఒక అన్యాయం ఉంది. అక్కడి రైతు బల్లల్లో పెద్ద భాగం జపాన్ మూలాలున్న కుటుంబాలవి. 1942లో ప్రభుత్వం వాళ్లను నిర్బంధ శిబిరాలకు పంపేసింది. ఆ తర్వాత సూపర్ మార్కెట్లు వచ్చిపడ్డాయి. పాపమంతా పాత గోడల మీదికి నెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే ఆర్కిటెక్ట్ ఆ బల్లల్నీ, అమ్మేవాళ్లనీ బొమ్మలు గీస్తూ జనాన్ని కూడగట్టారు. 1971 నవంబరు 2న సియాటిల్ ఓటర్లు మార్కెట్ ఉండాలనే తీర్పు ఇచ్చారు.

అదే ఏడాది పారిస్‌లో లే హాల్ మార్కెట్ ఇనుప మంటపాలను కూల్చడం మొదలైంది. టోకు వ్యాపారాన్ని 1969లోనే శివారుకు తరలించేశారు. ఒక్క మంటపాన్ని విప్పి నోజాన్ పట్టణంలో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడది కచేరీల హాలు. ఇనుము మిగిలింది, బేరం పోయింది.

ఆ ఓటుతో వచ్చిన సియాటిల్ చట్టం మాత్రం బేరాన్నే కాపాడింది. ఇప్పుడు సుమారు 9 ఎకరాల్లో భవనం ముందుభాగం మార్చాలన్నా, దుకాణంలో అమ్మే సరుకు మార్చాలన్నా మార్కెట్ పరిరక్షణ చూసే నగర కమిషన్ అనుమతి తీసుకోవాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇళ్లు, ఒక క్లినిక్ కూడా మార్కెట్‌లోనే ఉన్నాయి. 1980ల్లో నేల బాగుచేయడానికి పలక ఒక్కింటికి 35 డాలర్లు ఇచ్చినవాళ్ల పేర్లు ఆ పలకల మీదే చెక్కారు. బల్లలు ఇప్పటికీ రోజువారీ అద్దెకే: పొద్దున్నే హాజరు పిలుస్తారు, సీనియారిటీ ప్రకారం ఆ రోజుకు చోటు ఎంచుకుంటారు.